నీళ్లు తాగిందా?

మా కుక్క నన్ను కరిచిన రోజు తొర్రూరు నుంచి వరంగల్‌కు బస్సులు నడవడం లేదు. అరవై తొమ్మిది, తెలంగాణ కోసం ఊళ్లన్నీ అట్టుడుకుతున్న ఏడాది. బడులు మూతబడి నెలలైంది. పన్నెండేళ్ల పిల్లకు బడి లేకపోతే చేతులు ఊరుకోవు. నా చేతులకు దొరికింది కొట్టం ముందు పడుండే ఆ కుక్క. దానికి పేరైనా పెట్టలేదు మేము. అది జొన్న గటుక తింటుంటే మట్టి కంచుడు లాగేసేదాన్ని. మూతి చాపితే ఇంకా దూరం లాగేదాన్ని. కుక్క కాటుకు చెప్పుదెబ్బ అంటారు గానీ, మా ఇద్దరిలో ముందు దెబ్బ నాదే. ఆరోజు ఓర్చుకోలేక నా అరచెయ్యి పట్టేసింది.

చిన్నాయిన దాన్ని కట్టేసి కర్ర వెతకబోయాడు. మా వైపు కరిచిన కుక్కను బతకనివ్వరు. పిచ్చిదా మంచిదా అన్నది చచ్చాక ఆలోచిస్తారు. నాకూ అది న్యాయమే అనిపించింది.

బాపు నన్ను సైకిల్ మీద దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు గాయాన్ని సబ్బుతో చాలాసేపు కడిగాడు. బొడ్డు చుట్టూ వేసే సూదులు వరంగల్‌లోనే ఉన్నాయని, దారి తెరుచుకోగానే తెప్పిస్తానని చెప్పి, కుక్క ఏదని అడిగాడు. ఈపాటికి చంపేసి ఉంటారన్నాడు బాపు.

డాక్టరు లేచి నిలబడ్డాడు. "చంపితే మనకేం తెలుస్తది? జల్ది పోయి ఆపుండ్రి. పదిరోజులు కట్టేసి చూడుండ్రి. తిని, నీళ్లు తాగి మంచిగుంటే మీ బిడ్డకు భయం లేదు."

బాపు అంత వేగంగా సైకిల్ తొక్కడం మళ్లీ ఎప్పుడూ చూడలేదు. మేం వాకిట్లోకి వచ్చేసరికి చిన్నాయిన కర్ర ఎత్తి ఉన్నాడు.

ఆ పూట నుంచి కుక్కకు రాజభోగం. దాన్ని గడప దగ్గరికి కూడా రానివ్వని అవ్వ, మజ్జిగ కలిపిన అన్నం తానే తీసుకెళ్లి పెట్టేది. పిచ్చికుక్క నీళ్లకు బెదురుతుందని ఊరందరికీ తెలుసు. అందుకని పొద్దున లేవగానే అవ్వ అడిగేది ఒక్కటే. "నీళ్లు తాగిందా?"

చూసి చెప్పే పని నాది. తాడు అందనంత దూరంలో కూర్చుని రెప్ప వేయకుండా చూసేదాన్ని. నా ప్రాణం దాని గొంతులో ఇరుక్కుందని మహా కోపంగా ఉండేది. రెండో రోజు అది నీళ్లు ముట్టలేదు. అవ్వ కూడా ముద్ద ముట్టలేదు. మధ్యాహ్నం దాకా బెదిరించాను, బతిమాలాను. అది కంచుడు వైపు కాదు, నా చేతుల వైపే చూస్తోంది. చూసి చూసి ఏడుపొచ్చి అటు తిరిగి కూర్చున్నాను. వెనక నుంచి చప్పుడు. నీళ్లు తాగుతున్న చప్పుడు.

అది బెదిరింది నీళ్లకు కాదు, నాకు. చచ్చిపోనని తెలిసిన సంతోషంలో కూడా ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

తర్వాత ప్రతిరోజూ కంచుడు నింపి, వీపు తిప్పి కూర్చున్నాను. రోజుకో జానెడు దగ్గరికి జరిగాను. ఎనిమిదో రోజుకు దాని ఊపిరి నా వీపుకు తగిలింది. నేను కదల్లేదు.

పదకొండో రోజు బాపు తాడు విప్పాడు. అవ్వ మైసమ్మకు కొబ్బరికాయ కొట్టింది. చాలా రోజుల తర్వాత ఇంట్లో అందరూ కడుపునిండా తిన్నారు. మిట్టమధ్యాహ్నం కొట్టం వైపు వెళితే, విప్పిన తాడు పక్కనే కుక్క పడుకుని ఉంది. కంచుడు ఎండిపోయి ఉంది. పొద్దున్నుంచి దాని నీళ్ల సంగతి ఎవరూ అడగలేదు. నేను కూడా. పదిరోజులూ మేం అడిగింది దాని గురించి కాదని అప్పుడు అర్థమై సిగ్గేసింది.

బావిలోంచి నీళ్లు తోడి తెచ్చి పోశాను. అలవాటు కొద్దీ వీపు తిప్పబోయాను. కుక్క లేచి, చుట్టూ తిరిగి వచ్చి నా ఎదుట నిలబడింది. నా చెయ్యింకా కంచుడు అంచు మీదే ఉంది. తియ్యాలో వద్దో తెలియలేదు. అది ఒకసారి ఆ చేతి వైపు చూసి, మూతి పెట్టి తాగింది.