దొర నిలబడ్డాడు, లచ్చవ్వ కూర్చుంది

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. బి.ఏ. చదివిన మొండిది మాత్రం గెలిచాననుకుంటూనే నిండా మునుగుతుంది. నేను మునిగాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. నేను మాత్రం ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటున్నాను.

అప్పట్లో మా మునిసిపల్ కౌన్సిలంతటికీ ఆడమెంబర్ని నేనొక్కదాన్నే. మెదక్ చౌరస్తాలో, చనిపోయిన దొరకు విగ్రహం పెట్టాలని తీర్మానం వచ్చింది. నాకు ఒళ్లు మండింది. ఊళ్లో సగంమందిని భూమ్మీదికి తెచ్చిన మంత్రసాని లచ్చవ్వ కూడా ఆ ఏడే పోయింది. ఆమె పేరెత్తిన నోరు లేదు.

"లచ్చవ్వకు గూడ పెట్టాలె," అన్నాను.

"మంత్రసానికి బొమ్మనా?" అన్నాడు దొర కొడుకు. ఆయనా మెంబరే.

"మీ బొడ్డు కోసింది ఎవరు? మీ నాయననా?"

"అమ్మా, జర ఆగుండ్రి," అన్నాడు చైర్మన్. "గద్దె ఒక్కటే. ఇద్దర్నీ దానిమీదనే పెడదాం. రాజీ!"

"మా నాయన పక్కన గామె నిలబడతదా?" కొడుకు కుర్చీలోంచి లేచాడు.

అప్పుడు మెరిసిందండీ నా బుర్ర! ఈ గడ్డమీద దొర ముందు కూర్చున్నవాళ్లెవరు? కూర్చున్నవాడు దొర, నిలబడ్డవాడు జీతగాడు.

"సరే, నిలబడదు. లచ్చవ్వ కూసుంటది, దొర నిలబడతడు. గీ సవరణ రాసుకోండ్రి!"

"మంజూర్," అన్నాడు కొడుకు, వెంటనే. పులి గడ్డి తింటానంటే మేక అనుమానపడాలి. ఈ మేక బల్ల చరిచి, దస్కతు చేసి, లచ్చవ్వ బిడ్డ ఎల్లవ్వకు చెప్పడానికి పరుగెత్తింది.

ఎల్లవ్వ కళ్లొత్తుకుంది. "దొర ఇంట్ల కాన్పు జేసినంక మా అమ్మను వాకిట్లనే నిలబెడుతుండిరమ్మా. కూసుంటే జూడాలె."

ఆవిష్కరణ నాడు తెర లాగే గౌరవం నాకే ఇచ్చారు, దుర్మార్గులు. లాగాను. దొర కర్ర పట్టుకుని తాటిచెట్టులా నిలబడి ఉన్నాడు. ఆయన చెప్పుల పక్కన, కింద, మోకాళ్లు ముడుచుకుని లచ్చవ్వ కూర్చుని ఉంది.

"ఇదేంది?" అరిచాను.

"మీ సవరణనే గదమ్మా," అన్నాడు కొడుకు చేతులు కట్టుకుని. "గామె కూసున్నది. మా నాయన నిలబడ్డడు. తప్పేడున్నది?"

దండ పట్టుకుని వచ్చిన ఎల్లవ్వ విగ్రహాన్ని చూసింది, నన్ను చూసింది.

"మీటింగుల నువ్వు దేనిమీద కూసున్నవమ్మా?"

"కుర్చీ మీద..."

"మా అమ్మకు గూడ గదొక్కటి అడగకపోతివి!"

దండ వెయ్యకుండానే వెళ్లిపోయింది.

కనుక మహాజనులారా, ఆ రాతి చెప్పుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇంకొకరి తరఫున జన్మలో రాజీపడను. పడక తప్పకపోతే, నా కుర్చీలో ఆ మనిషిని కూర్చోబెట్టి, పక్కన నోరు మూసుకుని నిలబడతాను. నోటి సంగతి మాత్రం... ప్రయత్నిస్తాను.