చేపల బానలో మనవడు

“లావోస్ వంతెన దగ్గర అధికారులు ముక్‌ని పట్టుకుని ‘నువ్వు వెళ్లు, పిల్ల మాత్రం ఇక్కడే ఉండాలి’ అంటే?”

ఆ వారంలో ఈ మాట నేను అనని పూట లేదు. పెద్దమ్మ తలైనా ఎత్తలేదు. వాకిట్లో పీట వేసుకుని, చేపలకు ఉప్పూ తవుడూ పట్టించి బానలోకి కుక్కుతోంది.

“అంటే మంచిదే. నీకంటే వాళ్లే దానికి వేళకి అన్నం పెడతారు,” అంది.

పెద్దమ్మ పేరు తోంగ్‌బై. మా అమ్మకు అక్క. థాయ్‌లాండ్‌లో నోంగ్‌ఖాయ్‌కి దిగువన, లావోస్‌కి ఎదురుగా మేకాంగ్ నది ఒడ్డునున్న మా ఊళ్లో, నెలల తరబడి ఊరబెట్టిన ఊరుచేప కావాలంటే ఆమె వాకిట్లోని బానల దగ్గరికే రావాలి. చిరునామా చెప్పక్కర్లేదు, వాసనే తీసుకొస్తుంది. ఆ బానలు నిలువెత్తువి, మూతలు రాతివి. ఎవరు గడప తొక్కినా ఆమె పలకరింపు ఒకటే: “తిన్నావా? మొహం వాడిపోయింది!” అప్పుడే పెళ్లి భోజనం చేసి వచ్చిన వాళ్లకైనా అదే పలకరింపు.

నా భయానికి కారణం నేనే. నా కూతురు ముక్ నార్వేలో పుట్టింది. తండ్రి హల్వార్డ్ వైపునుంచి ఆ దేశపు పిల్ల, నా వైపునుంచి థాయ్ పిల్ల. రెండు పాస్‌పోర్టులూ ఉన్నాయి. ఈసారి బ్యాంకాక్‌లో దిగినప్పుడు హల్వార్డ్ విదేశీయుల వరసవైపు తిరిగాడు. పెళ్లై ఎన్నేళ్లయినా, మన గడ్డమీద అతను అతిథి. అతిథిని ఒంటరిగా నిలబెట్టి మనం చకచకా వెళ్లిపోవడం మా ఇళ్లల్లో మర్యాద కాదు. నేను ఆ వరసలో నిలబడలేను కాబట్టి, ముక్ చెయ్యి అతని చేతిలో పెట్టి, దాని నార్వే పాస్‌పోర్టు ఇచ్చి, “నాన్నకి తోడుగా ఉండు” అన్నాను. పిల్ల బుద్ధిగా తోడుంది. అధికారి బుద్ధిగా, ఇన్ని రోజులే ఉండాలనే గడువు ముద్ర వేశాడు. అవతల నిలబడి నేను చెయ్యి కూడా ఊపాను.

తర్వాత హల్వార్డ్ తన ఓడ ఉద్యోగానికి వెళ్లిపోయాడు. మా అమ్మ మోకాలికి ఆపరేషన్ జరిగింది. అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు ఉండిపోయాం. ఓస్లో ప్రయాణం దగ్గరపడి పెట్టె సర్దుతుంటే ఆ ముద్ర కనిపించింది. పుట్టుకతో ఈ ఇంటి పిల్ల, అతిథిగా లోపలికొచ్చింది. అతిథి గడువు ఎప్పుడో దాటిపోయింది.

నియమాలు చదవలేదా అంటే, చదివాను. పదిహేనేళ్లలోపు పిల్లలకి జరిమానా లేదు. థాయ్ పౌరురాలిని సొంత దేశంలోకి రావద్దనే హక్కు ఎవరికీ లేదు. ఓస్లో విమానానికి ముందే వంతెన మీదుగా లావోస్‌కి నార్వే పాస్‌పోర్టుతో వెళ్లి, థాయ్ పాస్‌పోర్టుతో తిరిగొస్తే చిక్కు విడిపోతుందనీ తెలుసు. కానీ నేను ఖోన్‌కేన్‌లో రసాయన శాస్త్రం చదివినదాన్ని. పుస్తకంలో సమీకరణం సరిగ్గా ఉన్నా పరీక్షనాళిక పగలడం నాకు తెలుసు. ఆ పాస్‌పోర్టులో ఎవరో చెడ్డమాట ఒకటి రాస్తే, వెళ్లిన పిల్ల మళ్లీ ఈ వాకిట్లోకి రాగలదా? నిద్రపట్టనిచ్చేది కాదు ఆ ప్రశ్న.

ఊళ్లో ఇలాంటి గండం గడిచినది పెద్దమ్మ ఒక్కతే. గడిచిన తీరు మాత్రం ఎవరూ అనుసరించదగ్గది కాదు.

ఆమె మనవడు ఖేమ్ మా జిల్లా ఆస్పత్రిలోనే పుట్టాడు. తండ్రి జర్మన్. ఉయ్యాల వయసులో జర్మనీ వెళ్లి, మాటలు వచ్చాక జర్మన్ పాస్‌పోర్టుతో అమ్మమ్మ దగ్గరికి తిరిగొచ్చాడు. కూతురూ అల్లుడూ విడిపోయిన హడావిడిలో వాణ్ణి ఇక్కడే వదిలేశారు. గడువు సంగతి ఎవరికీ గుర్తులేదు. గుర్తొచ్చాక పెద్దమ్మ ఎవరినీ అడగలేదు. వాణ్ణి దాచేసింది.

ఎక్కడనుకున్నారు? బానలో. కడిగి ఎండబెట్టిన ఖాళీ బాన ఒకటి వాడికోసమే ఉంచింది. యూనిఫాం ఏదైనా సరే, కనబడితే చాలు. పోలీసులే కాదు, టపా మనిషి, కరెంటు మీటరు చూసేవాడు, పిల్లల బరువు తూచడానికొచ్చే నర్సు, అందరికీ ఖేమ్ లోపలే. మూత మాత్రం కాస్త పక్కకి జరిపేది, గాలి కోసం. బయటికొచ్చాక వాణ్ణి ఎంత తోమినా పిల్లులు వెంటపడేవట.

ఇందులో తమాషా ఏమిటంటే, వాడు రోజూ బడికి వెళ్లేది పోలీసు ఠాణా ముందునుంచే.

“మరి అక్కడ భయం లేదా పెద్దమ్మా?”

“ఠాణాకి వీడు వెళ్లాడు కానీ, ఠాణా మనింటికి రాలేదు కదే!” అంది. నా చదువులో ఈ తర్కానికి సూత్రం దొరకలేదు.

హెడ్ కానిస్టేబులు వన్‌చై వారానికోసారి ఊరుచేప కోసం వచ్చేవాడు. ఒకనాడు అరుగుమీద బొప్పాయి పచ్చడి తింటున్నాడు. బానలోంచి తుమ్ము వినిపించింది. పెద్దమ్మ దగ్గింది. ఇంకో తుమ్ము. పెద్దమ్మ మరీ గట్టిగా దగ్గింది.

“అత్తా, జలుబు నీకా, చేపలకా?” అన్నాడు వన్‌చై.

“కొత్తరకం చేపలు నాయనా.”

“ఎన్నేళ్లనుంచో తుమ్ముతున్నాయి, ఇంకా కొత్తేనా? ఆ పిల్లాణ్ణి బయటికి తియ్యి, ఉడికిపోతాడు.”

పెద్దమ్మ అతని కాళ్లమీద పడి, “నన్ను తీసుకుపో, వాణ్ణి వదిలెయ్” అని ఏడ్చింది. వన్‌చైకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

“వీడు పుట్టినప్పుడు పేరు నమోదుకి వచ్చావు, గుర్తుందా? ఏ గదికి వెళ్లాలో చూపించింది నేనే. వీడు మనవాడేనత్తా! ఇన్నాళ్లూ ఎవరినుంచి దాచావు?”

పెద్దమ్మ ఒప్పుకోలేదు. వన్‌చైది మెత్తటి మనసు కాబట్టి అలా అన్నాడని ఆమె నమ్మకం. ఇరవై ఒకటో ఏట ఊళ్లో మగపిల్లలందరితో పాటు ఖేమ్‌ని కూడా, థాయ్ పౌరులకే ఉండే సైన్యం చీటీ తీయడానికి పిలిచినప్పుడు గానీ ఆమెకి నిజం ఎక్కలేదు. ఎర్రచీటీ వస్తే శిబిరానికి, నల్లచీటీ వస్తే ఇంటికి. నల్లచీటీ వచ్చింది. అక్కడున్న యూనిఫాంలన్నిటినీ ఆమె వరసగా “తిన్నావా? మొహం వాడిపోయింది!” అని పలకరిస్తూ తిరిగింది.

అలాంటి మనిషి వంతెన దగ్గరికి తోడొస్తానంది. చేతిలో మూత బిగించిన ఊరుచేప బకెట్టు. అవతలి ఒడ్డున ఉన్న చుట్టాలకట.

“ఇవాళ ఇది అవసరమా పెద్దమ్మా?”

“నీ భయాన్ని నువ్వు మోసుకొస్తున్నావు, నా బకెట్టుని నేను మోసుకొస్తాను. ఏది ఎక్కువ కంపో చూద్దాం.”

దారంతా నేను మనసులో సమాధానాలు వల్లెవేశాను. అమ్మ మోకాలు, ఆస్పత్రి, హల్వార్డ్ ఓడ. పాస్‌పోర్టులు చూసే కౌంటరు దగ్గరికి రాగానే, తెలియకుండానే ముక్‌ని నా లంగా వెనక్కి తోశాను. అధికారిణి ముద్ర చూసి కనుబొమలు ఎగరేసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ ఏమీ అడక్కముందే నేను మొదలుపెట్టాను. “అదేంటంటే మేడమ్, మా అమ్మకి మోకాలు...” పెద్దమ్మ నా నడుం గిల్లింది. ఆవిడ పాస్‌పోర్టు పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

అయిపోయింది, రాసేస్తున్నారు అనుకున్నాను. పెద్దమ్మ వెదురుబుట్ట తెరిచి జిగురన్నం ముద్ద చేసి ముక్ నోట్లో పెట్టింది.

“ఏడుపు మొహం పెట్టకు. పిల్ల చూస్తోంది. నేను బానలో దాచినట్టు నువ్వు లంగా వెనక దాస్తున్నావా ఏం? పిల్లని ముందుకి తియ్యి.”

తీశాను. పెద్ద అధికారి ఒకాయన బయటికొచ్చి ముక్కు మూసుకున్నాడు. “ముందు ఆ బకెట్టు బయట పెట్టండి,” అన్నాడు. తర్వాత ముక్ వైపు వంగాడు. “నీ పేరేంటమ్మా?”

ముక్ చేతులు జోడించింది. “ముక్. తిన్నావా? మొహం వాడిపోయింది!”

మా ఊరి యాస, పెద్దమ్మ గొంతు, అచ్చం దిగిపోయాయి. ఆయన నవ్వు ఆపుకోలేక వెనక్కి తిరిగాడు. “దీన్నా మీరు విదేశీయుల వరసలో నిలబెట్టింది?” అని నన్ను అడిగాడు. థాయ్ పాస్‌పోర్టు ఉందా అంటే చూపించాను. “చిన్నపిల్ల, జరిమానా లేదు. దీంతో వెళ్లండి, దాంతో రండి,” అన్నాడు. ముద్ర పడింది. నేను కంఠస్థం చేసిన ఒక్క సమాధానమూ ఎవరికీ అక్కర్లేకపోయింది.

లావోస్ ఒడ్డున నూడుల్స్ తిన్నాం, చుట్టాలకి బకెట్టు ఇచ్చాం. తిరిగొచ్చేటప్పుడు మన వరసలో ముక్ అందరికంటే ముందు నిలబడింది. పాస్‌పోర్టు తీసుకున్నాయన ఆవలించి ముద్ర వేసి పొమ్మన్నాడు. నేను అక్కడే ఏడ్చేశాను.

“ఇప్పుడెందుకే? ఆపనందుకా?” అని పెద్దమ్మ నన్ను బండివైపు నెట్టింది. ట్రక్కు వెనక కూర్చున్నాక, ముక్ తల ఒళ్లో పెట్టుకుని, నది వైపు చూస్తూ నాకో మాట చెప్పింది. ఆ మాట నేను మర్చిపోలేదు: మొన్న ఓస్లోనుంచి మళ్లీ వచ్చినప్పుడు హల్వార్డ్ విదేశీయుల వరసలో ఒంటరిగా, కాస్త దిగులుగా నిలబడి ఉంటే, నేను ముక్‌ని మన వరసలో నాకు ముందు నిలబెట్టి ఆమె చెప్పినట్టే చేశాను. ఆ రోజు ట్రక్కులో ఆమె అన్నది ఇదీ:

“మొగుడు కాసేపు ఒంటరిగా నిలబడితే అరిగిపోడు, చెయ్యి ఊపు చాలు. పిల్లని మాత్రం మనవాళ్ల వరసలోనే నిలబెట్టు, నీకు ముందు నిలబెట్టు. అడిగినదానికి దాన్నే చెప్పనియ్యి. నువ్వు నోరుమూసుకో.”