తార కోసం ఖాళీగా వదిలిన వరుస

ఎల్లారెడ్డిలో మా వాడకట్టులో ఎవరికి నెల తప్పినా కన్నతల్లి కంటే ముందు నాకు తెలియాలి. అది నా పని. నా పేరు గౌరవ్వ, పదిహేడేళ్లుగా ఆశా కార్యకర్తను. నా సంచిలో ఎప్పుడూ ఒక పొడుగాటి రిజిస్టర్ ఉంటుంది. పేరు, భర్త పేరు, చివరి నెలసరి తేదీ, బరువు, బీపీ, రక్తం, చిట్టచివరి గడిలో కాన్పు. ఒక్కో గర్భిణికి ఒక్కో వరుస. పన్నెండు వారాలలోపు పేరు రాయాలి. నేను రాస్తే ఏఎన్ఎం దాన్ని ఆధార్ నంబరుతో కంప్యూటర్‌లో ఎక్కిస్తుంది, కార్డు వస్తుంది, నెలనెలా పరీక్షలు మొదలవుతాయి. నేను రాయకపోతే ఆ మనిషి దవాఖాన లెక్కలో గర్భవతే కాదు.

తార సంగతి చెప్పాలంటే ముందు ఈ రిజిస్టర్ సంగతి చెప్పక తప్పదు. కోపం రాకుండా చెప్పాలని చూస్తాను. వస్తే ఓర్చుకోండి, అందులో సగం నా మీదే.

తార బీడీలు చుట్టే ఇంటి పిల్ల. తల్లి రాములవ్వ తునికాకు తడిపి పెడితే, ఆరో తరగతి నుంచే ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంది. బడి నుంచి వచ్చి మూడు వందల బీడీలు చుట్టాకే అన్నం. అయినా ఇంగ్లీషులో బడి మొత్తానికి మొదటిది. తర్వాత రోజూ బస్సులో కామారెడ్డి వెళ్లి డిగ్రీ చదివింది. బస్సులో నిలబడే పుస్తకం తెరిచేది. "ఓ కలెక్టరమ్మా, జర లోపలికి జరుగు తల్లీ" అని కండక్టర్ ఆటపట్టించేవాడు. నవ్వేది కానీ పుస్తకం మూసేది కాదు.

పెళ్లి మా వాడకట్టు చక్రధర్‌తోనే అయింది. కామారెడ్డిలో ఒక కంప్యూటర్ దుకాణంలో పని అతనికి. మంచివాడు, మెత్తనివాడు. ఆ మెత్తదనంతోనే వచ్చింది చిక్కు. ఎవరు గట్టిగా చెబితే వాళ్ల మాట వింటాడు.

ఆస్ట్రేలియా వెళ్లి పై చదువు చదవాలన్న ఆలోచన అతనిది కాదు, తారది. ఇంగ్లీషు పరీక్షకు ఆమే చదివించింది. నా కళ్లతో చూశాను. ఆమె ఒళ్లో చాట, చాటలో తంబాకు, ఎదురుగా పీట మీద మొగుడు. వేళ్లు బీడీ చుడుతూనే ఉండేవి, నోరు పాఠం చెబుతూనే ఉండేది.

"మళ్ల చెప్పు. నోరు తెరిచి చెప్పు, మింగకు."

"మొగనికి పాఠం చెప్పుడేందే, దునియాల ఎక్కడన్నా ఉన్నదా?" అని అత్త కమలవ్వ దెప్పేది. దెప్పుతూనే కొడుకును చూసి మురిసిపోయేది. రెండోసారికి అతను పాసయ్యాడు, సీటు వచ్చింది. విద్యార్థి వీసా మీద పెళ్లాన్నీ తీసుకెళ్లొచ్చట. "నేను గూడ వస్త. నువ్వొక్కనివి పోతే ఆకలైతుందని గూడ అడగవు" అంది తార.

కాగితాల పనంతా కామారెడ్డి స్టేషన్ రోడ్డులో మార్కండేయ అనే ఒక కన్సల్టెన్సీ ఆయన చూశాడు. ఆయన నింపేవాడు, వీళ్లు ఆయన వేలు పెట్టిన చోట సంతకం పెట్టేవాళ్లు. పింఛను కాగితమైనా, బీడీల పీఎఫ్ కాగితమైనా ఎవరో ఒక సారు నింపడమే మాకు అలవాటు. ఇంగ్లీషులో బడికి మొదటొచ్చిన పిల్ల కూడా ఆ కాగితాల్లో ఒక్క ముక్క చదవలేదు. "సార్ నింపిండు గదక్కా, ఆయనకు తెల్వదా?" అంది నాతో.

పోయిన ఏడాది మార్చిలో ఒక మధ్యాహ్నం తార మా ఇంటికొచ్చింది. నా దగ్గరున్న పట్టీతో పరీక్ష చేస్తే రెండు గీతలు పడ్డాయి. చేతులు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. అంతలోనే ముఖం మాడిపోయింది.

"అక్కా, నీ రిజిస్టర్ల నా పేరు రాయకు."

"ఎందుకే?"

"వచ్చే వారం హైదరాబాద్‌ల వీసాకు మెడికల్ ఉన్నది. కడుపుతోని ఉన్నోళ్లకు వీసా ఇయ్యరంట. మార్కండేయ సార్ చెప్పిండు. నువ్వు రాస్తే ఆన్‌లైన్ల ఎక్కుతది. ఆధార్ కొడితే వాళ్లకు కనబడ్తది."

"నీ తలకాయ! ఎల్లారెడ్డి దవాఖాన రిజిస్టర్ తోని ఆస్ట్రేలియావోనికి ఏం పనే?"

మర్నాడు కమలవ్వ కూడా వచ్చింది. ఆమె భయం వేరు. "మూడు నిండేదాక ఎవ్వలకు చెప్పొద్దు గౌరవ్వా. మా ఇంట్ల గదే ఆనవాయితీ. నోట్ల పడితే నిలువదు. మూడు నిండినంక రాసుకో, నేనేమన్నా వద్దంటున్ననా?" అంది. కోడలిది వీసా భయం, అత్తది దిష్టి భయం. రెండూ కలిసి నా మీద కూర్చున్నాయి.

అక్కడే నేను కాదనాల్సింది. అనలేదు. నా కళ్ల ముందు పెరిగిన పిల్ల, బస్సులో పుస్తకం మూయని పిల్ల. దాని ముఖం చూసి కరిగిపోయాను. రిజిస్టర్‌లో రెండు పేర్ల మధ్య ఒక వరుస ఖాళీగా వదిలి, మూడు నిండాక రాస్తానని మాటిచ్చాను.

హైదరాబాద్‌లో మెడికల్ దగ్గర, గర్భంతో ఉన్నావా అని అడిగితే తార లేదంది. నెలసరి తేదీ తప్పు చెప్పింది. ఛాతీకి ఎక్స్‌రే తీశారు. తిరుగు బస్సులో దారి పొడుగునా కడుపు మీద నుంచి చెయ్యి తియ్యలేదట. "దాన్తోని ఏమన్నా అయితదా అక్కా?" అని నన్ను నాలుగుసార్లు అడిగింది. ఎవరి గురించో అన్నట్టు మా డాక్టరమ్మను అడిగాను. ఛాతీ ఎక్స్‌రేతో భయపడాల్సింది లేదు, కానీ ఆ మనిషిని ఒకసారి తీసుకురా అంది. నేను తీసుకెళ్లలేదు.

మూడు నిండాయి. ఇప్పుడైనా రాస్తానంటే తార ఒప్పుకోలేదు. "ఇప్పుడు రాస్తే అప్పుడు అబద్ధం చెప్పినట్టు దొరికిపోతం." రెండు నెలల్లో వస్తుందన్న వీసా నాలుగు నెలలైనా రాలేదు. కాలేజీ వాళ్లు సీటును తర్వాతి టర్ముకు మార్చారు. చక్రధర్ పొద్దున లేస్తే ముందు ఫోన్‌లో మెయిల్ చూసేవాడు, తర్వాతే ముఖం కడిగేవాడు. తార గడప దాటడం మానేసింది. బీడీ కట్టలను కార్ఖానాకు కమలవ్వే మోసేది. ప్రైవేటుకైనా పోదామంటే, స్కానింగ్‌కు అక్కడా ఆధార్ అడుగుతారని భయం. నేను సంచిలో నుంచి ఐరన్ గోలీలు తీసి, దొంగసొత్తు ఇచ్చినట్టు ఇచ్చి వచ్చేదాన్ని. ఒక్కసారి బీపీ చూపించుకోవే అంటే, "వీసా రానీ అక్కా" అనేది.

కానీ ఆ పిల్ల సంతోషంగానే ఉండేది, అది కూడా చెప్పాలి. ఒకసారి వెళ్లేసరికి బీడీలు చుడుతూ కడుపుతో ఇంగ్లీషులో మాట్లాడుతోంది. నన్ను చూసి సిగ్గుపడింది. "వాళ్ల నాయన లెక్క మాటలు మింగకుండ ఇప్పట్నుంచే నేర్పుతున్న" అంది. ఎంత నవ్వుకున్నామో ఆ రోజు.

వినాయక చవితికి వారం ముందు, జ్వరాల సర్వేకని బీడీ కార్ఖానాకు వెళ్లాను. అప్పటికి తారకు ఎనిమిదో నెల. కార్ఖానాలో బీడీలు లెక్కచూసి తీసుకునే టేకేదారు కమలవ్వ తెచ్చిన కట్టలు విప్పి, గుప్పెళ్లకొద్దీ తీసి పక్కన పడేస్తున్నాడు.

"ఏంది కమలవ్వా, ఇవి తార చేతి బీడీలేనా? సగం వదులు. మూతి నిలుస్తలేదు."

తార చుట్టిన బీడీని ఎవరైనా పక్కన పడేయడం నేను ఎప్పుడూ చూడలేదు. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. దారం జారిపోయి ఆకు విచ్చుకుంది. ఆ పిల్లకు పని చేతకాక కాదు. వేళ్లు వాచాయి.

పరుగెత్తాను. తార గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముఖం ఉబ్బింది, ఉంగరం వేలిలోకి దిగిపోయింది. "తలకాయ పగిలిపోతుందక్కా. కండ్ల ముందట మెరుపులు వస్తున్నయ్" అంది. సర్వేకని ఆ వారమే నాకిచ్చిన బీపీ మిషన్ పెట్టి చూస్తే నూటడెబ్బై, నూటపది. వెంటనే 108కి ఫోన్ చేశాను. అర్ధగంటలో బండి గుమ్మం ముందుకొచ్చింది.

తార ఎక్కనంది.

"వద్దక్కా. ఎక్కితే పేరు రాస్తరు. ఇన్నొద్దులు ఆగినం గద."

"వీసా కాదే, పానం పోతది! నీది పోతది, లోపలున్నదానిది పోతది!" అని అరిచాను. అప్పుడే కార్ఖానా నుంచి వచ్చిన కమలవ్వ గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టి, "చక్రిని అడుగుదాం, ఒక్క మాట అడుగుదాం" అంటోంది. చక్రధర్‌కు ఫోన్ చేశాను. "ఒక్క నిమిషమక్కా, సార్‌ను అడిగి చెప్త" అని పెట్టేశాడు. అప్పుడు నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఆ ఒక్క నిమిషం ముప్పావుగంటయింది. మళ్లీ ఫోన్ వచ్చింది. "ప్రైవేటుకు తీస్కపోయి వేరే పేరు రాయించమన్నడక్కా సార్" అన్నాడు. అతని మాట పూర్తికాక ముందే తార కళ్లు పైకి తేలాయి. చేతులు, కాళ్లు కొయ్యబారి కొట్టుకోవడం మొదలుపెట్టాయి. కమలవ్వ గుమ్మంలో నుంచి చెయ్యి తీసింది.

ఇలాంటి కేసు ఎల్లారెడ్డిలో తీసుకోరు, కామారెడ్డికే పోవాలి. గంట దారి. లింగంపేట దాటాక మళ్లీ ఫిట్స్ వచ్చాయి. దాని తల నా ఒళ్లో పెట్టుకుని, తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. దవాఖానలో ఆపరేషన్ చేసి తారను దక్కించారు. పాప లోపలే చనిపోయింది. నిండు జుట్టుతో, ముడుచుకున్న పిడికిళ్లతో, అచ్చం తార నోరు.

"కార్డు ఏది? ఇన్ని నెలలు ఎవరూ బీపీ చూడలేదా? ఆశా ఎవరు?" అని డాక్టర్ అడిగాడు.

"నేనే సార్" అన్నాను. ఆయన నా సంచి వైపు ఒకసారి చూసి వార్డులోకి వెళ్లిపోయాడు. తిట్టి పోయినా బాగుండేది.

కేస్ షీట్‌లో రాయడానికి నమోదు కావాలని నర్సమ్మ అంది. వరండా బెంచీ మీద కూర్చుని రిజిస్టర్ తెరిచాను. రెండు పేర్ల మధ్య ఆ వరుస అలాగే ఉంది. తార, భర్త చక్రధర్. నమోదు తేదీ ఆ రోజుదే వేశాను. మధ్య గడులన్నీ ఖాళీ. చివరి గడిలో మృత శిశువు అని రాసి మళ్లీ అదే తేదీ వేశాను. ఒక వరుస మొదలూ చివరా ఒకే పూట రాయడం నాకు అదే మొదలు. ఆ ముప్పావుగంట పాపం కమలవ్వది, చక్రధర్‌ది, ఆ సారుది. అంతకుముందు ఆరు నెలల పాపం నాది.

పాప పోయిన ఇరవై రెండో రోజున వీసా వచ్చింది, ఇద్దరికీ. చక్రధర్ గుమ్మంలోనే కూర్చుని, ఆ మెయిల్ ఉన్న ఫోన్‌ను లోపలున్న తార వైపు చాచాడు. తార అప్పుడు మార్కండేయ ఇచ్చిన ఫైలు తెమ్మంది. మొదటి కాగితం నుంచి చదివింది. నన్ను పిలిపించింది. మెడికల్ కాగితం వెనక వైపు ఉన్న ఒక చోట వేలు పెట్టి, ఇంగ్లీషులో చదివి, నాకు తెలుగులో చెప్పింది.

"కడుపుతోని ఉన్నోళ్లు ముందుగాల చెప్పాలెనంట. ఎక్స్‌రే కాన్పు అయినంక తీపిచ్చుకోవచ్చంట. వీసా ఇయ్యమని ఎక్కడ లేదక్కా. ఆగమన్నరు, అంతే."

చక్రధర్ గోడకు తల కొట్టుకున్నాడు. నేను మార్కండేయ ఆఫీసుకు వెళ్లి నిలదీశాను. "ఆలస్యమైతదన్ననమ్మా, ఇయ్యరని అన్లే" అన్నాడు, నా ముఖం చూడకుండా. అప్పుడు వాళ్లతో ఏమన్నాడో నాకు తెలియదు. అతన్ని నాలుగు తిడితే నా వరుస నిండదు కదా.

తార వెళ్లడానికే ఒప్పుకుంది. "ఇక్కడుండి ఏం జెయ్యాలక్కా? చాట ముందట కూసుంటే కడుపుల నా మాట వినేటోళ్లు లేరు" అంది. ప్రయాణానికి ముందు రోజు మా ఇంటికొచ్చి రిజిస్టర్ చూపించమంది. తన వరుస వెతుక్కుంది. చివరి గడి దగ్గర ఆగింది.

"ఆడిపిల్ల అని రాయలేదేందక్కా?"

"గడి చిన్నగున్నది బిడ్డా."

"చిన్నగనే రాయి."

పెన్ను తీసి, గడి మూలన 'పాప' అని రాశాను. ఆ రెండక్షరాలకు నాకు చాలాసేపు పట్టింది. తార ఆ మాట మీద వేలు పెట్టి చూసింది. వాపు పోయి ఆ వేళ్లు మళ్లీ సన్నగా అయ్యాయి.

"గిది ఆన్‌లైన్ల ఎక్కుతదా?"

"ఎక్కుతది."

"ఎక్కియ్యక్కా. ఆధార్ కొడితే కనబడాలె" అంది తార.

ఆ సాయంత్రమే రిజిస్టర్ పట్టుకుని ఏఎన్ఎం దగ్గరికి వెళ్లాను.