కండ్లద్దాలు దాచుకున్న కార్ఖానా

కోవిడ్ గొడవ సద్దుమణిగిన రెండేండ్లకు జరిగిన సంగతి ఇది. అప్పటికి నేను కర్నూల్లో ఆప్టోమెట్రిస్టుగా పని మొదలుపెట్టి ఇరవై ఏండ్లు దాటింది. అంటే కంటికి ఆపరేషన్ చేసే డాక్టరమ్మను కాదు. చూపు పరీక్షించి అద్దాల నంబరు రాసిచ్చేదాన్ని. ఈ తేడా చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. ఇప్పటికీ అంగట్లోకి వచ్చి "శుక్లం తీస్తారా మేడమ్" అని అడిగేవాళ్ళు ఉండనే ఉన్నారు.

ఒకరోజు ప్రభాకర్ రెడ్డి ఫోన్ చేసినాడు. కల్లూరులో ఆయనకు చిన్న కార్ఖానా ఉంది. వాళ్ళ నాయన కాలం దాకా సేద్యమే. ఈయన ఇంజినీరింగ్ చదివి మిషన్లు పెట్టినాడు. విమానాల్లో బిగించే చిన్న చిన్న అల్యూమినియం బ్రాకెట్లు చేసి బెంగళూరులో ఒక పెద్ద కంపెనీకి పంపుతారు. ఆ కంపెనీ విమానాలకూ, మిలిటరీకీ సామాన్లు చేస్తుంది. దాన్ని అంతే పెద్దదైన ఇంకో కంపెనీతో కలిపేసినారు. ఆ రెండోదానికి ఇవే బ్రాకెట్లు చేసిచ్చే ఫ్యాక్టరీ హోసూరులో ఉందంట. ఇద్దరెందుకు, ఒకరు చాలు అంటారేమోనని రెడ్డికి నిద్ర పట్టడం లేదు.

"కొత్తోళ్ళు వచ్చే వారం తనిఖీకి వస్తాండారు మేడమ్. సరుకు చూసి పాస్ చేసేవాళ్ళందరికీ కంటి పరీక్ష అయ్యుండాలంట. అందరూ పాస్ కావాల," అన్నాడు.

కండ్లు నా మాట వింటాయా రెడ్డిగారూ అని నవ్వినా. ఆయన నవ్వలేదు.

మర్నాడు పెట్టె ఒళ్ళో పెట్టుకొని షేర్ ఆటోలో పోయినా. క్యాంటీన్ గదిలో టేబుల్ వేసినారు. పరీక్ష పేరు నియర్ విజన్. చదువుకునే దూరంలో కార్డు పట్టుకొని దాని మీది సన్నటి అంకెలు చదవాల. సరుకు మీద వెంట్రుకంత పగులునైనా కనిపెట్టాల్సిన వాళ్ళకు ఇది తప్పదు. అద్దాలు పెట్టుకొని చదివినా పాసే. ఆ మాట వాళ్ళకు ఎవరూ చెప్పలేదని నాకేం తెలుసు?

మొదట వచ్చినాయన ఫెయిల్. తర్వాతామె ఫెయిల్. ఆ వెనక వచ్చినాయనా అంతే. ఇదేం ఖర్మరా, గుడ్డివాళ్ళను పెట్టుకొని విమానాలు చేస్తాండారా అనుకున్నా. ఇంతలో మహబూబ్ బాషా అనే ఆయన కార్డు మీదికి తల వంచినాడు. ముక్కుకు రెండు పక్కలా లోతుగా నొక్కులు కనపడినాయి. ఏండ్ల తరబడి అద్దాలు పెట్టుకుంటేనే అట్లా పడతాయి.

"ఏమప్పా బాషా, అద్దాలు యాడ పెట్టినావు?"

తలుపు వైపు చూసి గొంతు తగ్గించి చెప్పినాడు. కంపెనీలు కలిసినాక మనుషుల్ని తగ్గిస్తారని, ముందు అద్దాలోళ్ళనే తీసేస్తారని కార్ఖానాలో పుకారు పుట్టిందంట. అందుకని అందరూ మాట్లాడుకొని, అద్దాలను బండి డిక్కీల్లో, క్యారియర్ సంచుల్లో దాచి వచ్చినారు.

నాకు ఒళ్ళు మండింది, నవ్వూ వచ్చింది. బయటికి వచ్చి వరసలో ఉన్నోళ్ళందర్నీ కేకలేసినా. అద్దాలుంటే ఫెయిల్ కాదు నాయనా, ఉన్నవి దాచుకొని వస్తేనే ఫెయిల్, పోయి తెచ్చుకోండి అన్నా. ఎవరూ నమ్మలేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. బాషా ముందు కదిలినాడు, ఆయన వెనక ఒక్కొక్కరే పోయినారు. అద్దాలతో తిరిగొచ్చి అందరూ పాసైనారు.

చివర్న నాగవేణి వచ్చింది. యాభైకి దగ్గరపడిన మనిషి. ఆదోని పక్క పల్లె నుంచి వచ్చి ఈడనే ఉండిపోయింది. సరుకు డబ్బాల్లోకి పోయే ముందు ఆఖరున చూసేది ఆమే. ఆమె పాస్ అంటే ఇంక కార్ఖానాలో ఎవరూ చూడరు. మొగుడు మంచం పట్టినప్పట్నుంచి ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తాంది. ఇదంతా నేను అడక్కుండానే కూర్చుంటానే చెప్పింది. ఆమె ముక్కు మీద నొక్కులు లేవు.

కార్డు ఇచ్చినా. ఎక్కాలు అప్పజెప్పినట్టు గడగడా చదివేసింది. మొహం కార్డు వైపే ఉంది గాని కండ్లు వరస వెంబడి కదలడం లేదు. అనుమానమొచ్చి కార్డు తీసుకొని, ఆమెకు తెలీకుండా వెనక్కి తిప్పి ఇచ్చినా. అటువైపు వేరే అంకెలుంటాయి. నాగవేణి మళ్ళీ ముందువైపు అంకెలే చెప్పింది, ఒక్కటీ తప్పకుండా.

కార్డు ఆమె చేతిలోంచి తీసుకున్నా.

"నాగవేణీ, నేను కార్డు తిప్పినా."

చదివి బయటికొచ్చినోళ్ళను అడిగి అంకెలన్నీ బట్టీ పట్టిందంట. ఏడాదిగా దగ్గరివన్నీ మసకంట. కండ్ల డాక్టరు దగ్గరికి పోతే ఆ మాట రెడ్డి చెవిన పడుతుందని ఎక్కడికీ పోలేదు.

"రాయొద్దు మేడమ్. మీకు దండం పెడతా," అంది.

నలభై దాటితే ఎవరికైనా వచ్చేదే ఇది, అద్దాలు పెట్టుకుంటే సరిపోతుంది అని చెప్తా ట్రయల్ ఫ్రేమ్ తగిలించినా. లెన్సులు మార్చి మార్చి చూసే బరువైన ఫ్రేమ్ అది. ప్లస్ రెండు వేయగానే వెనకవైపు అంకెలన్నీ చదివింది. "ఇంతేనా" అని నవ్వింది. నా ప్రాణం కుదుటపడింది. పని అయిపోయిందనుకున్నా.

ఆమె జేబులోంచి ఒక బ్రాకెట్ తీసింది. ఆ పొద్దు పాస్ చేసిన సరుకులోంచి శాంపిల్‌గా ఆఫీసులో ఇయ్యను తెచ్చిందంట. ఫ్రేమ్ ఉండగానే దాన్ని వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పింది. ఒకచోట చెయ్యి ఆగిపోయింది. మూలన సన్నటి పగులు గీత.

"దీన్ని నేనే పాస్ చేసినా మేడమ్."

ఏడాదిగా ఇట్లాంటివి ఎన్ని పోయినాయో. అద్దాలు రాసిచ్చి గమ్మున లేచి వచ్చేయొచ్చు, నన్ను అడిగేవాళ్ళు లేరు. తనిఖీకి ముందు ఈ మాట బయటపడితే నాగవేణిదే కాదు, బాషాతో సహా అందరి పనులూ పోవచ్చు. నాకేం తోచలేదు.

తేల్చింది ఆమే. "ఇది బిగించే విమానంలో మనుషులు ఎక్కుతారు గదా మేడమ్," అని లేచింది. ట్రయల్ ఫ్రేమ్ తీయడం కూడా మర్చిపోయి అట్లనే రెడ్డి గదిలోకి నడిచింది. నేనూ వెనకాలే పోయినా.

రెడ్డి విని తల పట్టుకున్నాడు. "ఇప్పుడామ్మా చెప్పేది?" అన్నాడు. బెంగళూరుకు పంపడానికి కట్టిన డబ్బాలన్నీ విప్పించినాడు. బాషా వాళ్ళంతా అద్దాలు పెట్టుకొని మళ్ళీ మొదట్నుంచి చూసినారు. కొన్ని పక్కన పెట్టాల్సొచ్చింది. ఆ తర్వాత రెడ్డే బెంగళూరుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పినాడు. బిగించే ముందు మేమూ చూస్తాం, పాతవి కూడా ఇంకోసారి చూస్తాం అన్నారంట వాళ్ళు.

తనిఖీవాళ్ళు గుచ్చి గుచ్చి అడిగి పోయినారు. ఆర్డర్ సగం హోసూరుకు పోయింది, సగం కల్లూరులో మిగిలింది. నాగవేణిని ప్యాకింగులో వేసినారు. జీతం తగ్గించలేదు గాని, ఆఖరున చూసే కుర్చీ ఆమెకు మళ్ళీ ఇయ్యలేదు.

అప్పట్నుంచి ఏ ఫ్యాక్టరీకి పోయినా, కార్డు తీయకముందే అందర్నీ కూర్చోబెట్టి అద్దాలతో చదివినా పాసేనని చెప్తా. ఎవరి పనీ పోదు అని మాత్రం చెప్పను, అది నా చేతిలో లేదు. చూపు తగ్గిన సంగతి దాచుకునేవాళ్ళు మోసగాళ్ళు కాదని, భయంతో ఉన్నోళ్ళని నాకు ఆ రోజు తెలిసొచ్చింది. ముందు వాళ్ళ భయం సంగతి చూడాల, నంబరు తర్వాత చూడొచ్చు.

నాగవేణి ఏడాదికోసారి నా అంగడికి వస్తుంది. మొన్న వచ్చినప్పుడు నంబరు చూస్తాంటే ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు పక్క నుంచి విమానం మోత వినబడింది. మాట మధ్యలో ఆపి బయటికి పోయింది. కండ్లకు చేయి అడ్డం పెట్టుకొని, అది కనపడకుండా పోయేదాకా ఎండలోనే నిలబడింది. తర్వాత లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంది.

"బాగనే పోయింది మేడమ్," అంది.