కర్డి నూనె బ్రేకు

ఆ రోజుల్లో నాందేడ్‌లో కారు కదలకపోయినా పరవాలేదు, ఇంటిముందు ఉంటే చాలు. బజార్లో కర్డి నూనె (అంటే కుసుమ నూనె) దుకాణం నడిపే మా కాక, ఎవరో వదిలించుకున్న పాత విలాయతీ కారు కొన్నాడు. దాన్ని తోలే పెద్దమనిషిని నేనే. బీఎస్సీ ఒక్కసారికే పాసైనందున నాకు రాని విద్య లేదని మా ఇంట్లో నమ్మకం, ముఖ్యంగా నాకు. పెళ్లిళ్లలో నేను గొప్పగా చెప్పే "ఒక్క చూపులోనే ఒప్పేసుకున్నాను" అన్న కథ అబద్ధం. జరిగింది ఇది.

ఆ కారు ముందు చక్రాలకు కాలిపర్లు ఉండేవి. బ్రేకు తొక్కితే చక్రం వెనక తిరిగే ఇనుప పళ్లేన్ని దవడల్లా కరిచిపట్టాలి, కాలు తీస్తే వదలాలి. మావి కరిచేవి, వదిలేవి కావు. లోపలి పిస్టన్‌కు పట్టిన తుప్పు తీసి, రబ్బరు మార్చి, బ్రేకు ఆయిల్ పోస్తే సరిపోయేది. కాక ఒప్పుకోలేదు. "దుకాణంల పీపాలకు పీపాలు నూనె వెట్టుకొని డబ్బా నూనె కొనుడేందిరా? బజార్ల నవ్వరా?" బీఎస్సీ గారు తలూపి పిస్టన్లకు కర్డి నూనె దట్టంగా పట్టించారు. (దానికి రబ్బరు ఉబ్బి మరీ బిగుసుకుంటుందని రసాయనశాస్త్రం నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.)

ఆ వారమే నాయ్‌గావ్‌లో నా పెళ్లిచూపులు. పట్నం కారువాడికి సేద్యగాళ్ల పిల్లా అని, వెళ్లకముందే వద్దనుకున్నాను. పోహా తిని, టీ తాగి, "కబురు పంపుతం" అని (మావైపు దానర్థం వద్దనే) దర్జాగా కారెక్కాను. కారు గుర్రుమని నాలుగడుగులు ఈడ్చుకుని ఆగిపోయింది. ముందు చక్రం పొగలు కక్కింది. గడపలోంచి అమ్మాయి నాయనమ్మ అడిగింది: "కబురు పంపుతమని గింతసేపు వాకిట్లనే ఉంటరా బిడ్డా?"

"దిష్టి తాకిందవ్వా," అన్నాడు కాక. నేను తెల్ల టెరిలిన్ చొక్కాతో కారు కిందికి దూరాను. చేతులు కడుక్కోమని చెంబుతో నీళ్లు తెచ్చిన అమ్మాయి ముక్కు ఎగబీల్చి, "కర్డి నూనె వాసనొస్తున్నది. బండికి పోపు వెట్టిండ్రా?" అంది.

కారును అక్కడే వదిలి ఎస్టీ (అంటే సర్కారు) బస్సులో తిరిగొచ్చాం. ఆ పోపు మాట మాత్రం నన్ను వదల్లేదు. సిగ్గు చంపుకుని, పిల్ల నచ్చిందని కాకతో చెప్పించాను. వాళ్ల నాయన తాపీగా అన్నాడట: "మా పిల్ల గూడ కబురు పంపుతనన్నది." నాకు నిద్ర పట్టలేదు. చివరికి కబురు వచ్చింది: "ముందు బండి మంచిగ చేసుకొమ్మనుండ్రి. అందుల కోడి గుడ్లు వెడుతున్నది. జవాబు గప్పుడు జెప్త."

కొత్త రబ్బరూ, సీలున్న బ్రేకు ఆయిల్ డబ్బా పట్టుకుని వెళ్లాను. ఆమె గడపలో కూర్చుని చూస్తుండగా కోడిని బతిమాలి దింపి, తుప్పంతా తీసి, అన్నీ బిగించి, వీధి చివరిదాకా తోలి, ఆమె ముందు బ్రేకు తొక్కాను. ఆగింది. కాలు తీశాను. కారు మెల్లగా ముందుకు కదిలింది.

"ఇడిసింది," అంది. "ఇగ అడుగుండ్రి."

వాకిలి నిండా జనం వింటుండగా అడిగాను.

ఇప్పటికీ నేను ఏ విషయమైనా దాటేయబోయి "చూద్దాంలే" అంటే, ఆమె ఏదో మాడుతున్నట్టు ముక్కు ఎగబీలుస్తుంది. పొయ్యి మీద ఏమీ ఉండదు. కారు కింద పడుకున్న ఆ టెరిలిన్ చొక్కావాడు గుర్తొచ్చి, వాడిమీద జాలేసి, ఔనో కాదో వెంటనే చెప్పేస్తాను.