దండెం ప్రొఫెసరు గారు

మా ప్రొఫెసరు భీమశంకరరావు గారు ఎవరింటికి వెళ్లినా ముందు పెరట్లోకి నడిచి, దండెం మీద ఆరేసిన బట్టలు వాసన చూసేవారు. పలకరింపులు ఆ తరవాతే.

గాలిలో ఏయే వాయువులు కలుస్తున్నాయో తేల్చడం ఆయన పని. ఆయన రాసిన పేపర్లు జర్మనీలోనూ జపాన్‌లోనూ శ్రద్ధగా చదివేవారు. గాజువాకలో మా వీధివాళ్లు మాత్రం, ఆయన వస్తున్నారంటే చీరలు లోపలికి లాగేసేవారు.

"తడిబట్టని మించిన పరికరం లేదయ్యా. గాలిలో ఏముంటే అది పట్టేస్తుంది" అనేవారు. నేను ఆయన దగ్గరే పీహెచ్‌డీ చేస్తూ, ఆయన ఇంటికి ఎదురుగానే అద్దెకుండేవాణ్ణి. కాబట్టి ఇల్లిల్లూ తిరిగి క్షమాపణలు చెప్పే డ్యూటీ కూడా నాకే పడింది.

డెబ్భై తొమ్మిదిలో నా పెళ్లిచూపులకి ఆయన్ని పెద్దమనిషిగా సబ్బవరం తీసుకెళ్లాను. పెళ్లికూతురి తండ్రి జగ్గారావు గారు కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చేలోపే ఈయన మాయం. వెతికితే పెరట్లో కనిపించారు, కాబోయే మా అత్తగారు ఆరేసిన చీరచెంగులో ముక్కు పెట్టి. ఆవిడ నూతి దగ్గర బిందె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాకు భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. ఈయన నిదానంగా వచ్చి కుర్చీలో కూర్చుని, "గంధకం లేదు, అమోనియా లేదు. చేసుకోవయ్యా" అన్నారు.

"అమ్మాయి ఇంకా రానేలేదండీ" అన్నారు జగ్గారావు గారు.

గుమ్మం వెనక గౌరీశ్వరి కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు విని నేను సరేనన్నాను.

మా వీధిలో ఆయన్ని చూసి బట్టలు దాచని మనిషి ఒక్కతే, పద్నాలుగిళ్ల బట్టలూ ఉతికే పోతమ్మ. ఎనభై రెండులో ఆవిడకే పెద్ద కష్టం వచ్చింది. ఆరేసిన తెల్లబట్టలకి చిన్న చిన్న కన్నాలు పడసాగాయి. పోతమ్మ బ్లీచింగ్ పౌడరు గుప్పిస్తోందని మా పక్కింటి భ్రమరాంబ గారు తేల్చేశారు. ఆవిడ భర్త శ్రీనివాసరావు గారు వీధి సంఘానికి కార్యదర్శి. వచ్చే ఆదివారం మీటింగులో పోతమ్మని మాన్పించే తీర్మానం పెడుతున్నామని ఇంటింటికీ కబురు చేశారు.

పోతమ్మ వచ్చి ప్రొఫెసరు గారి మెట్ల మీద కూలబడింది. "ఇరవయ్యేళ్ల నుంచి నాను ఉతుకుతన్నాను బాబూ. పద్నాలుగిళ్లూ ఒక్కపాలే పోతే ఏటి సేసేది?"

ఆయన కన్నాల తువ్వాలు ఒకటి తీసుకుని వాసన చూశారు. ల్యాబుకి పట్టుకెళ్లి పరీక్షించారు. యాసిడ్. ఏదో ఫ్యాక్టరీ పొగగొట్టంలోంచి వచ్చి, గాలి అటునుంచి వీచినప్పుడల్లా తడిబట్టల మీద వాలుతోంది. గ్రాఫులు చుట్టగా చుట్టుకుని ఇల్లిల్లూ తిరిగి చెప్పారు.

"గాలి బట్టలు కొరుకుతుందా అన్నయ్యగారూ" అని భ్రమరాంబ గారు జాలిపడి, కాఫీ ఇచ్చి పంపారు.

దాంతో ఆయన కొత్త తెల్లచొక్కా కొన్నారు. తానే ఉతికి మేడమీద ఆరేశారు. పోతమ్మ చెయ్యి తగలని చొక్కాకి కూడా కన్నాలు పడితే ఇంక ఎవరూ నోరెత్తరని ఆయన ధీమా. తీరా చూస్తే గాలి తిరిగిపోయింది. ఆ వారమంతా సముద్రం మీంచే వీచింది. ఆయన గంటకోసారి మేడెక్కి, చొక్కా తడిపి, ముక్కు పెట్టి, మొహం వేలాడేసుకుని దిగేవారు. శనివారం సాయంత్రానికి కూడా అది మల్లెపువ్వులా ఉంది.

ఆదివారం మీటింగుకి ఆ చొక్కా తొడుక్కునే వచ్చారు. "దీన్ని పోతమ్మ ముట్టుకోలేదు" అని వెనక్కి తిరిగారు. వీపు నిండా కన్నాలు. లోపల బనియను కూడా వేసుకోలేదేమో, సభ్యులందరికీ శాస్త్రంతో పాటు ఆయన వీపూ కనిపించింది. శ్రీనివాసరావు గారు గొంతు సవరించుకుని తీర్మానం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. భ్రమరాంబ గారు పోతమ్మ పక్కకి వెళ్లి కూర్చుని, తొందరపడ్డానని ఒప్పుకున్నారు.

నేను మాత్రం ఆ వీపు మీంచి చూపు తిప్పుకోలేకపోయాను. కన్నాలు ఆరు వరసలు, వరసకి ఆరు, సరిగ్గా అంగుళం ఎడంలో. జన్మలో ఒక్క అంకె తప్పు రాయని మనిషి మొదటిసారి అబద్ధం ఆడబోయి, స్కేలు పెట్టి మరీ యాసిడ్ చుక్కలు వేశారు. మరుసటేడు మా వీధి తువ్వాళ్ల మీద రాసిన పేపరు ఆయనకి దేశవిదేశాల్లో పేరు తెచ్చింది. అందులో ఈ చొక్కా ఊసు లేదు.

మీటింగు అయ్యాక బయటికి నడుస్తుంటే పోతమ్మ ఆయన్ని అందుకుని, గొంతు బాగా తగ్గించింది.

"ఇంత వరసగా గాలి కొరకదు బాబూ. మరోపాలి నాకియ్యండి. సిందరవందరగా సేసి ఇత్తాను."

ఆయన చెవులదాకా ఎర్రబడి, విన్నానేమోనని నా వైపు చూశారు. నేను ఆకాశంలో మబ్బులు లెక్కపెట్టుకుంటూ నడిచాను.