ఏడో నంబరు బిళ్ళ

దెయ్యాలు లేవని ఎవరితోనైనా పందెం కాసే మనిషిని నేను. మా గోదావరి జిల్లాలో ఒక చక్కెర ఫ్యాక్టరీ బాయిలర్ హౌస్‌లో పదకొండేళ్ళు పనిచేశాను. అక్కడ ప్రతివాడికీ ఒక దెయ్యం కథ ఉండేది. గజ్జెల చప్పుడు అన్నచోటికి టార్చిలైటు పట్టుకుని వెళ్తే ఊడిపోయిన రేకు కనిపించేది. ఏడుపు అన్నచోట పైపు అతుకులో ఆవిరి లీకు కనిపించేది. అనుమానం పెనుభూతం అని పెద్దలు ఊరికే అనలేదని నవ్వేవాణ్ణి.

ఇప్పటికీ నవ్వుతాను. కానీ కిందటి చలికాలం జరిగిన ఒక్క సంగతి దగ్గరకు వచ్చేసరికి నవ్వు ఆగిపోతుంది. అది ఉన్నదున్నట్టు చెప్తాను. నమ్మమని ఎవర్నీ బతిమాలను.

నేను ఖతార్ వచ్చి తొమ్మిదేళ్ళయింది. లుసైల్‌లో ఒక పెద్ద భవనంలో ఏసీ ప్లాంటు మెయింటెనెన్స్ నా డ్యూటీ. ఉండేది అల్ వుకైర్‌లో. మా గదికి అరగంట దూరంలో ఒక ఖతారీ పెద్దాయన తోట ఉంది. అందరూ ఆయన్ని అబూ నాసర్ అంటారు. ఆయనకు రైళ్ళ పిచ్చి. ఇండియాలో ఎక్కడో మూతపడిన చక్కెర మిల్లు నుంచి చెరుకు లాగే చిన్న ఆవిరి ఇంజన్ ఒకటి కొని ఓడలో తెప్పించుకున్నాడు. తోటలో ఖర్జూరపు చెట్ల చుట్టూ పట్టాలు వేయించాడు. శుక్రవారాలు పిల్లాపాపలతో వచ్చేవాళ్ళని ఊరికే ఎక్కించి తిప్పాలని ఆయన కోరిక. ఇంజన్ మాత్రం తుప్పుముద్ద.

దాన్ని బాగుచేయడానికి మేం ఆరుగురం చేరాం. జీతం లేదు, అడిగినవాడూ లేడు. శుక్రవారం సెలవు, మధ్యాహ్నం ఆయన ఇంటి భోజనం, చేతినిండా నూనె. ఎవరి పిచ్చి వాళ్ళకానందం. నిజం చెప్పాలంటే ఈ దేశంలో నేను అంత హాయిగా ఉన్న రోజులు అవే.

ఆరుగురిలో ఒక ఇంగ్లీషు ముసలాయన, ఆఫీసు ఉద్యోగాలు చేసే ఇద్దరు కేరళ తమ్ముళ్ళు, నేను. ఐదో మనిషి రమణమ్మ. కడప వైపు ఆవిడ, అబూ నాసర్ ఇంట్లో పనిచేస్తుంది, తోటలోనే ఉంటుంది. ఇత్తడి తోమడంలో ఆవిడకు సాటి లేదు. చింతపండు, ఇసుక తప్ప ఏ పాలిష్ డబ్బా ముట్టదు.

ఆరో మనిషి యూసుఫ్ భాయ్. నిజామాబాద్ దగ్గర పల్లె. అల్ హిలాల్‌లో ఒక కుటుంబానికి ఇరవై రెండేళ్ళుగా హౌస్ డ్రైవర్. కానీ కుర్రతనంలో చక్కెర మిల్లులో బాయిలర్ ఫిట్టర్. ఇనుము మీద సుత్తితో ఒక్కసారి కొట్టి, ఆ చప్పుడు విని, ఎక్కడ బలహీనంగా ఉందో చెప్పేవాడు. మా అందరికీ ఆయనే ఉస్తాద్. "దుబాయిల రైలింజన్ బాగు జేస్తున్ననంటే మా ఇంటోల్లు నవ్వుతున్నరు" అని ఆయనా నవ్వేవాడు. గల్ఫ్‌లో ఏ దేశమైనా ఆయన ఊరివాళ్ళకి దుబాయే.

బిళ్ళల పద్ధతి పెట్టింది ఆయనే. పాత మిల్లుల్లో ఉండేది, మా ఫ్యాక్టరీలో కూడా చూశాను. బాయిలర్‌లోకి గానీ ఇంజన్ కిందికి గానీ దూరే ప్రతివాడికీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఉంటుంది. లోపలికి వెళ్ళేముందు దాన్ని గోడమీది చెక్కకున్న మేకుకి తగిలించాలి. బయటికొచ్చాక తన చేత్తో తానే తీసుకోవాలి. ఇంకొకరి బిళ్ళ ముట్టకూడదు. చెక్కమీద ఒక్క బిళ్ళ వేలాడుతున్నా మూత బిగించకూడదు, నిప్పు పెట్టకూడదు. లోపల మనిషి ఉన్నాడని లెక్క.

షెడ్డు గోడకి పది మేకుల చెక్క ఒకటి కొట్టి, మాకు ఒకటి నుంచి ఆరు వరకూ బిళ్ళలు చేయించాడు యూసుఫ్ భాయ్. ఒకటో నంబరు ఆయనది, నాలుగు నాది.

ఏడో నంబరు మేం చేయించింది కాదు.

అది ఇంజన్‌తోనే వచ్చింది. మొదటి ఏడాది బాయిలర్ పైనున్న గుమ్మటం విప్పాం. అక్కడ సన్నటి మనిషి దిగేంత రంధ్రం ఉంటుంది. నేనే దిగి అడుగున పేరుకుపోయిన సున్నపు పెచ్చులు గీకుతుంటే పారకు ఏదో తగిలింది. పచ్చగా చిలుము పట్టిన ఇత్తడి బిళ్ళ. పైన చిల్లు, మధ్యలో ఏడు అంకె.

అందరూ చూసి ముచ్చటపడ్డారు. యూసుఫ్ భాయ్ మాత్రం దాన్ని అరచేతిలో పెట్టుకుని పక్కకెళ్ళి కూర్చున్నాడు. ఎందుకో నాకు అర్థమైంది. చెక్కమీద ఉండాల్సిన బిళ్ళ బాయిలర్‌లో ఉందంటే, ఒకప్పుడు ఎవడో దాన్ని తగిలించకుండానే లోపలికి దిగాడు. జేబులోంచి జారి ఉంటుంది. ఆ మనిషి తర్వాత బయటికొచ్చాడా లేదా అన్నది మేం పైకి అనుకోలేదు. రమణమ్మ తోముతానంటే ఆయన వద్దన్నాడు. అలాగే బిస్కట్ల డబ్బాలో వేసి షెడ్డులోని బీరువాలో పెట్టాం. బీరువా తాళం అబూ నాసర్ తాళాల గుత్తిలో ఉండేది.

నాలుగేళ్ళు గడిచాయి. ఇంజన్ సిద్ధమైంది. సరిగ్గా అప్పుడే యూసుఫ్ భాయ్ యజమాని కుటుంబంతో సహా తన కొడుకులుండే వేరే దేశానికి వెళ్ళిపోతుండటంతో ఈయనకి ఎగ్జిట్ ఇచ్చారు, అంటే ఉద్యోగం ముగించి ఇంటికి పంపేస్తున్నారు. ఆదివారం ఫ్లైటు. ఆయనకు మిగిలింది ఒక్క శుక్రవారం. ఆ రోజు ఇంజన్ నడవకపోతే నాలుగేళ్ళు ప్రాణం పెట్టిన మనిషి దాని కూత వినకుండానే పోతాడు. అందుకే ఆ శుక్రవారమే మొదటి నిప్పు అనుకున్నాం. జుమ్మా నమాజు అయ్యాక జనం వస్తారు.

గురువారం సాయంత్రం అందరం షెడ్డులో నిలబడి ఫోటో దిగాం. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. మా తలల వెనక చెక్క కనిపిస్తుంది. పది మేకులూ ఖాళీ. తర్వాత అబూ నాసర్ స్వయంగా షెడ్డు తాళం వేశాడు. బీరువా తాళం, షెడ్డు తాళం, రెండూ ఒకే గుత్తి. ఆ గుత్తి ఆయన ఇంటికి పట్టుకెళ్ళాడు.

శుక్రవారం పొద్దున ఆరున్నరకు ఆయనే తలుపు తీశాడు. ఎండ బాగానే వచ్చింది. రమణమ్మ ముందు లోపలికి వెళ్ళింది, వెనక నేను. యూసుఫ్ భాయ్ బయట కారు ఆపుతున్నాడు.

"అన్నా, ఈ బిళ్ళ ఎవురిది?" అంది రమణమ్మ.

చెక్కమీద, ఏడో మేకుకి, ఏడో నంబరు బిళ్ళ వేలాడుతోంది. అదే చిలుము. దానిమీద సన్నగా తడి ఉంది. డిసెంబరులో ఇక్కడ మంచు బాగా పడుతుంది, పక్కనున్న స్పానర్ల మీద కూడా చెమ్మ ఉంది, అది కూడా చెప్పాలి కాబట్టి చెప్తున్నాను.

నాకు భయం వేయలేదు. కోపం వచ్చింది. ఎవడో వేళాకోళానికి చేసిన పని అనుకున్నాను. ఇది యూసుఫ్ భాయ్ చూస్తే నిప్పు పెట్టనివ్వడు, ఆయన మొండితనం నాకు తెలుసు. ఆయనకి కనబడకముందే తీసి జేబులో వేసుకుందామని చెయ్యి చాపాను.

రమణమ్మ నా మణికట్టు పట్టుకుంది. "నీది కాని బిళ్ళ నువ్వెట్ల తీస్తావన్నా? మీరు చెప్పిన మాటేగా" అంది.

అంతలో యూసుఫ్ భాయ్ రానే వచ్చాడు. చెక్క వైపు చూశాడు. అబూ నాసర్ బీరువా తీశాడు. బిస్కట్ల డబ్బా ఉంది. మూత బిగించే ఉంది. లోపల బిళ్ళ లేదు. ఇంగ్లీషు ముసలాయన, కేరళ తమ్ముళ్ళు కూడా వచ్చాక ఒక్కొక్కరినీ అడిగాం. అందరూ ఒట్టేశారు. రమణమ్మతో కలిపి ఆ నలుగురి మొహాలూ నాకు తెలుసు, అబద్ధం చెప్పలేదు.

"ఎవరో సరదాకి పెట్టుంటారు భాయ్. ఇవాళ పోతే మీకు మళ్ళీ శుక్రవారం లేదు" అన్నాను.

"నాకు లేకుంటే లేకపాయె. బిళ్ళ ఉండంగ అగ్గి పెట్టేది లేదు. యల్లా, నడువుండ్రి, మొత్తం మల్ల చూద్దం" అన్నాడాయన.

ముందు మనిషి కోసం వెతికాం. నిప్పు పెట్టే ఫైర్‌బాక్స్‌లో, పొగ గదిలో, ఇంజన్ కింద. ముందురోజే మళ్ళీ నీళ్ళు నింపిన బాయిలర్‌లో ఎవరుంటారు? ఎవరూ లేరు. తర్వాత ఒక్కో బోల్టూ, ఒక్కో పైపూ చూడటం మొదలుపెట్టాం. ఎనిమిదయింది, తొమ్మిదయింది. నాకు ఏడుపొచ్చేంత పనైంది. ఆవిరి లేవడానికే మూడు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరుకి ఆయన చివరి డ్యూటీ, యజమాని కుటుంబాన్ని ఎయిర్‌పోర్టులో దింపాలి.

పదింటికి నేను బాయిలర్ పైకెక్కి సేఫ్టీ వాల్వుల మీదున్న ఇత్తడి తొడుగు విప్పాను.

తొడుగు కింద రెండు వాల్వులకీ అడ్డంగా ఇనుప క్లాంపు బిగించి ఉంది.

బాయిలర్‌కి సేఫ్టీ వాల్వు అంటే ప్రాణం. ఆవిరి హద్దు దాటితే అది తెరుచుకుని వదిలేస్తుంది. తెరుచుకోకపోతే బాయిలర్ బాంబులా పేలుతుంది. చన్నీళ్ళు నింపి ఒత్తిడి పరీక్ష చేసేటప్పుడు మాత్రం అది తెరుచుకోకుండా క్లాంపు వేస్తారు. పరీక్ష కాగానే తీసేయాలి. రెండు వారాల కిందట పరీక్ష చేశాం. క్లాంపు వేసింది యూసుఫ్ భాయ్. పరీక్ష అవుతూనే యజమాని ఇంటి నుంచి ఫోనొచ్చి డ్యూటీకి పరుగెత్తాడు. నీళ్ళు ఖాళీ చేసేది నేనే కాబట్టి క్లాంపు కూడా నేనే తీశాననుకున్నాడు. బిగించినవాడే విప్పాలన్నది ఫిట్టర్ల పద్ధతి కాబట్టి ఆయనే తీసుంటాడనుకున్నాను నేను. మరుసటి శుక్రవారం కేరళ తమ్ముళ్ళు రమణమ్మ తోమిన తొడుగు తెచ్చి దానిమీద బిగించారు. వాళ్ళకి బాయిలర్ సంగతి తెలియదు. నేను కింద నిచ్చెన పట్టుకున్నాను.

అడిగి ఉంటే ఒక్క మాటతో పోయేది. కానీ ఉస్తాద్‌ని పట్టుకుని "అది తీశారా?" అని అడగడం మాలో పద్ధతి కాదు. ఆయన పనిని నేను అనుమానించినట్టవుతుంది. ఆ మర్యాదే మా కొంప ముంచబోయింది.

ప్రెజర్ గేజీ ఉంది కదా, చూసుకునేవాళ్ళం, ఏమీ అయ్యేది కాదు అని ఇంగ్లీషు ముసలాయన అన్నాడు. కావచ్చు. కానీ ఆ రోజు పిల్లలు, కూతలు, ఫోటోలు, కౌగిలింతలు. గేజీ మీద ఎవరి కన్నూ నిలవదని నాకు తెలుసు. ఇంజన్ చుట్టూ నలభైమంది పిల్లలు నిలబడి ఉండేవాళ్ళు. కిందికి వంగి ఉస్తాద్‌ని పైకి రమ్మన్నాను.

యూసుఫ్ భాయ్ పైకెక్కి వచ్చాడు. క్లాంపు చూశాడు. తప్పు నాదేనని చెప్పబోయాను. "నేను వెట్టిన, నేనే తియ్యాలె" అని స్పానర్ అందుకుని తన చేత్తోనే విప్పాడు.

ఇక మిగిలింది బిళ్ళ. తగిలించినవాడే తీయాలి. అతనెవరో మాకు తెలియదు. అది ఉండగా నిప్పు పెట్టకూడదు. పాత మిల్లుల్లో ఎవడైనా బిళ్ళ మరిచిపోయి ఇంటికి పోతే ఒక రివాజు ఉండేది. పెద్ద ఫిట్టర్ ఫైర్‌బాక్స్ తలుపు దగ్గర నిలబడి మూడుసార్లు పిలవాలి. జవాబు రాకపోతే లోపల ఎవరూ లేనట్టు.

యూసుఫ్ భాయ్ టోపీ సర్దుకుని తలుపు దగ్గర వంగాడు. "ఏడో నంబర్, బయటికి రా భాయ్. పని అయిపోయింది" అని మూడుసార్లు పిలిచాడు. ఏ చప్పుడూ లేదు. అబద్ధమెందుకు, నేను చెవులు రిక్కించుకునే విన్నాను. అప్పుడాయన బిళ్ళ తీసి, చొక్కా అంచుతో తుడిచి, నా చేతిలో పెట్టాడు. "పాపం, అప్పుడు తగిలియ్యలేదు గదా. ఇయ్యాల తగిలిచ్చిండు" అన్నాడు.

పదకొండింటికి నిప్పు పెట్టాం. మూడింటికి, అసర్ నమాజు అయ్యాక ఇంజన్ కదిలింది. ఖర్జూరపు చెట్ల చుట్టూ ఒకే ఒక్క చుట్టు, తోలింది యూసుఫ్ భాయ్. కూత వేసినప్పుడు పిల్లలు చెవులు మూసుకుని గంతులేశారు. ఒత్తిడి హద్దుకు రాగానే సేఫ్టీ వాల్వులు బుస్సుమని తెరుచుకున్నాయి. జనం భయపడి వెనక్కి తగ్గారు. మేం ఆరుగురం మాత్రం చప్పట్లు కొట్టాం. ఐదున్నరకు ఆయన చేతులు కడుక్కుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

తర్వాత నేను ఊరుకోలేదు. బీరువాకి రెండో తాళంచెవి ఉందేమో వాకబు చేశాను. లేదు. షెడ్డుకి వేరే దారి ఉందేమో చూశాను. లేదు. ఎవరైనా చేసుంటే, క్లాంపు సంగతి తెలిసిన మనిషే అయ్యుండాలి. తెలిసుంటే నోటితో చెప్పేవాడు కదా. ఇక్కడికొచ్చి నా లెక్క ఆగిపోతుంది. దెయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. ఆ బిళ్ళ మేకుకి ఎలా వచ్చిందో మాత్రం నాకు తెలియదు.

యూసుఫ్ భాయ్ ఇప్పుడు ఊళ్ళో మనవలతో ఉన్నాడు. ప్రతి శుక్రవారం నేను అగ్గిపెట్టె తీసే వేళకు ఫోన్ చేస్తాడు. బాగున్నావా అనడు, తిన్నావా అనడు.

"ఏడో నంబర్ బయటికొచ్చిండా?" అంటాడు.

నేను ఫైర్‌బాక్స్ తలుపు దగ్గర వంగి మూడుసార్లు పిలుస్తాను. తర్వాత చెక్క వైపు చూస్తాను. ఏడో మేకు ఖాళీగా ఉంటుంది.

"వచ్చాడు భాయ్" అంటాను.

"అయితే పెట్టు" అంటాడు. అప్పుడు పుల్ల గీస్తాను.